‘ఒక్క నిమిషం, సేవ్ చేసి వచ్చేస్తా’: అనిమిషదీపిక అను వ్యాఖ్యానం

అవతారిక

మా అన్నయ్య కవి కాడు. అయినా పాతికేళ్ళుగా ఒకే వాక్యాన్ని రచిస్తూ వస్తున్నాడు. విజయవాడలో ఉన్నప్పుడు అమ్మను ఉద్దేశించి, ఇప్పుడు హైదరాబాదులో వదినను ఉద్దేశించి. చిన్నప్పుడు ఆ వాక్యాన్ని వంటింటికి మోసే దూతను నేను. “వెళ్ళి వాణ్ణి పిలుచుకు రావే, చారు చల్లారిపోతోంది” అని అమ్మ పంపేది. గది గుమ్మం దాకా వెళ్ళేదాన్ని. అన్నయ్య తల తిప్పకుండా వాక్యం సెలవిచ్చేవాడు. అక్షరం పొల్లుపోకుండా తెచ్చి అమ్మకు అప్పజెప్పేదాన్ని. వేదం నిలబడ్డదీ ఇలాగే కదా, ఒకరు చెబితే ఇంకొకరు వల్లించి.

తరవాత నేను తెలుగు ఎం.ఏ. చదివాను. డిగ్రీ పిల్లలకు ప్రబంధాలు చెప్పుకుని బతుకుతున్నాను. ఏ మాట చెవిన పడ్డా విడదీసి అర్థం రాయబుద్ధెయ్యడం మా వృత్తిలో వచ్చే జబ్బు. ఇంతకాలం ఇంతమంది నోళ్ళలో నలిగిన వాక్యానికి ఒక్క టీకా అయినా లేకపోవడం చూసి పూనుకున్నాను. మల్లినాథసూరి మెదక్ దగ్గర కొల్చారం వాడంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. నేను అలాంటి ఒట్టేమీ పెట్టుకోలేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మూలం

ఒక్క నిమిషం, సేవ్ చేసి వచ్చేస్తా.

సందర్భం

వక్త కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. ఆడుతున్నది రోల్ ప్లేయింగ్ గేమ్, ఆ కులంవాళ్ళు ఆర్పీజీ అంటారు. తుపాకులు పేల్చేది కాదు, కార్లు తోలేది కాదు. కథ. ఆ కథలో మీరొక పాత్ర. ఎదుటి పాత్ర మాట్లాడితే తెర అడుగున నాలుగైదు జవాబులు వస్తాయి, మీరొకటి ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టి కథ నడక మారుతుంది. దీనికి మూలపురుషులు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు. వాళ్ళు 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి కంప్యూటరే అక్కర్లేదు. బల్ల చుట్టూ నలుగురు చేరి, పాచికలు వేసుకుంటూ, నోటితో కథ అల్లుకునేవారు. ఆ బల్లనీ పాచికలనీ కథ చెప్పే మనిషినీ తరవాత కంప్యూటర్ మింగేసింది.

మా ఇంట్లోకి ఇది 1999 ఎండాకాలంలో వచ్చింది. అన్నయ్య సి లాంగ్వేజ్ నేర్చుకుంటాడని నాన్న లోను పెట్టి కంప్యూటర్ కొన్నారు. నెల తిరక్కుండా ఎవరో స్నేహితుడి దగ్గర్నుంచి బాల్డర్స్ గేట్ తెచ్చాడు, అయిదు సీడీలు. కెనడాలోని ఎడ్మంటన్‌లో బయోవేర్ అనే సంస్థ చేసి, అంతకు ముందు డిసెంబరులో విడుదల చేసిన ఆట. ఆ సంస్థను పెట్టినవాళ్ళు డాక్టర్లు. వైద్యం చదివి ఆటలు తయారు చేసుకోవడం మన ఇళ్ళలో ఎవడికైనా తడితే వాడికి ఏ వైద్యం జరిగేదో పాఠకులు ఊహించుకోగలరు. సి లాంగ్వేజ్ మాత్రం అన్నయ్య తరవాత నేర్చుకున్నాడు, దానితోనే బతుకుతున్నాడు. నాన్న లోను వృథా పోలేదు.

ఛందస్సు

వచనమే. అయినా చివరి పదం ‘వచ్చేస్తా’ మూడూ గురువులే, మగణం. మగణానికి అధిదేవత భూమి. వక్త కుర్చీలోంచి కదలకపోవడానికి ఇంతకన్నా శాస్త్రీయమైన కారణం నాకు దొరకలేదు.

ప్రతిపదార్థం

ఒక్క – ‘ఒక’ అంటే సంఖ్య. ‘ఒక్క’ అంటే బతిమాలుకోవడం. ‘ఒక్క ముద్ద’ అన్న తల్లి గిన్నె ఖాళీ అయ్యేదాకా వదలదు. ‘ఒక్క అవకాశం’ అన్న నాయకుడు మూడోసారీ నిలబడతాడు. కకారం రెండింతలైన చోట లెక్క ఎన్నింతలైనా కావచ్చునని గ్రహించేది.

అయితే న్యాయంగా చెప్పాలి. అన్నయ్య ‘ఒక్క’ అన్నప్పుడు అతని మనసులో నిజంగా ఒక్కటే ఉంటుంది. నేరం ఆట కట్టినవాళ్ళది. ఉదాహరణకు విచర్ 3. పోలండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్ళు 2015లో తెచ్చారు. నాయకుడు గెరాల్ట్, భూతాలను వేటాడి పొట్టపోసుకునేవాడు. పెంచుకున్న కూతురు కనిపించకుండా పోయింది, ఆమె వెనక ప్రేతసేన తరుముకొస్తోంది, ఇతను వెతుకుతూ బయల్దేరాడు. క్షణం ఆలస్యం చెయ్యకూడని పని. దారిలో ఒక ముసలమ్మ ఆపి, నా పెనం ఎరువు తీసుకున్నవాడు ఆ గుడిసెకి తాళం పెట్టుకున్నాడు, తెచ్చిపెట్టు నాయనా అంటుంది. తెచ్చిపెట్టకపోతే ఎలా? తలుపు బద్దలు కొట్టి లోపలికెళితే అక్కడ ఇంకో కథ. ఇంకోచోట ఒక జమీందారు, బ్లడీ బ్యారన్ అంటారు, పెళ్ళాం కూతురు కనపడటం లేదని ఏడుస్తుంటాడు. జాలిపడి వెతకబోతే, తాగొచ్చి కొడుతుంటే తట్టుకోలేక వాళ్ళే వెళ్ళిపోయారని మెల్లగా బయటపడుతుంది. అప్పుడు ఎవరి పక్షం? అన్నయ్య ఆ రాత్రి ఒంటిగంట దాకా పక్షం తేల్చుకోలేకపోయాడు. కూతుర్ని వెతకడం అటుంచి, కనిపించిన ప్రతి పూటకూళ్ళ ఇంట్లోనూ గెరాల్ట్ పేకాటకు కూర్చుంటాడు, అది వేరే సంగతి.

వీటిని వాళ్ళు సైడ్ క్వెస్టులంటారు. మనకు ఎప్పణ్ణుంచో ఉన్న మాట ఉంది, ఉపాఖ్యానం. రాజ్యం పోయి, అడవిలో కూర్చుని, శత్రువుల మీద ఏం చెయ్యాలో తోచక ఉన్న ధర్మరాజుకు ఋషులు వచ్చి నలుడి కథా సావిత్రి కథా చెబుతారు. ఆయన మధ్యలో ఆపి, నా పని సంగతేమిటని అడగలేదు. మా అన్నయ్యా అడగడు.

నిమిషం – ఇది సంస్కృతంలో రెప్పపాటు. అమరకోశం లెక్క ప్రకారం 18 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కల, 30 కలలు ఒక క్షణం, 12 క్షణాలు ఒక ముహూర్తం. ముహూర్తమంటే 48 గడియారపు నిమిషాలు. గుణించి చూస్తే ముహూర్తంలో 1,94,400 నిమేషాలు, అంటే సెకనుకు అరవై ఏడున్నర. అన్నయ్య కంప్యూటర్ తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. అమరసింహుడు ఈ తెరను చూడకపోయినా దాదాపు అక్కడికే వచ్చి ఆగాడు.

ఈ లెక్కన ‘ఒక్క నిమిషం’ అనేది అనేలోపే అయిపోవాలి. కావడం లేదు. ఎందుకని? ఇక్కడే వ్యాఖ్యాతకు పని. దేవతలకు అనిమిషులని పేరు, రెప్ప వెయ్యరు కాబట్టి. ఆట ఆడుతున్నప్పుడు అన్నయ్య ముఖం ఎప్పుడైనా పక్కనుంచి చూశారా? నేను గుమ్మంలో నిలబడి చాలాసార్లు చూశాను. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంటుంది, చెయ్యి మౌస్ మీద, కళ్ళలో ఊదారంగు వెలుగు. రెప్ప పడదు. రెప్పపాటే లేనివాడికి రెప్పపాటు కాలం ఎలా గడుస్తుంది? కాబట్టి ‘నిమిషం’ అబద్ధం కాదు, ఇంకా మొదలుకాని సత్యం. ఈ వ్యాఖ్యానానికి పేరు పెట్టుకున్నది ఈ విశేషం మీదే.

సేవ్ – అన్యదేశ్యం. మా కాలేజీ సంస్కృతం మాస్టారు మాత్రం ఒప్పుకోరు. ధాతుపాఠంలో ఉన్న సేవనార్థక ధాతువే ఇదనీ, రాత్రంతా కూర్చుని చేసేది సేవ కాక మరేమిటనీ ఆయన వాదం. వ్యుత్పత్తి తప్పు. అర్థం అతికినట్టు సరిపోయింది.

రూఢ్యర్థం ఇది: కథలో తాను నిలబడిన చోటూ, మూటలో ఉన్న సొమ్మూ, వెంట ఉన్న మనుషులూ, అప్పటిదాకా చేసిన మంచీ చెడ్డా యథాతథంగా డిస్కు మీద రాసి పెట్టుకోవడం. రేపు అక్కణ్ణుంచే ఎత్తుకోవచ్చు. పుస్తకంలో నెమలీక పెట్టి మూసినట్టు అనుకోండి, కాకపోతే ఈ పుస్తకంలో నెమలీకకు ముందు పేజీలు పాఠకుడు రాసినవి.

ఈ పదం విలువ 1999 విజయవాడలో ఉన్నవాళ్ళకు తెలిసినట్టు ఎడ్మంటన్ వాళ్ళకు తెలియదు. బాల్డర్స్ గేట్‌లో నాష్‌కెల్ గనులని ఒక చోటు ఉంది. ఆ దేశంలో ఇనుము పెళుసుబారి కత్తులు పుటుక్కున విరిగిపోతున్నాయి, కారణం ఆ గనిలో ఉంది. అన్నయ్య రెండు గంటలపాటు ఒక్కో సొరంగం దిగుతూ పోయాడు, సేవ్ మరిచిపోయాడు. కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరిచి తానూ ఊరుకుంది. ఆ చీకట్లో అన్నయ్య నోట వెలువడిన పదానికి ప్రతిపదార్థం ఆడపిల్లను నేను రాయలేను. ఆ మర్నాటి నుంచి ప్రతి తలుపు ముందూ సేవ్ చెయ్యడం మొదలుపెట్టాడు. సేవ్‌లకు పేర్లు పెట్టుకోవచ్చు. అతని జాబితా ఒకసారి పైనుంచి కిందికి చదివాను. ‘తలుపు ముందు’, ‘తలుపు తర్వాత’, ‘వద్దు’, ‘వద్దు 2’, ‘ఎలుగుబంటి’, ‘అమ్మ పిలిచింది’, ‘అమ్మ మళ్ళీ పిలిచింది’, ‘చారు’.

శంక: వెనక్కి వెళ్ళి దిద్దుకునే వీలుంటే ఇక ఆ కథలో ధర్మాధర్మాలకు బరువేముంది? తప్పు చెయ్యడం, రీలోడ్ నొక్కడం.

సమాధానం: మొదటిమాట, రీలోడ్ దొరికినంత మాత్రాన బుద్ధి వస్తుందని ఎక్కడా లేదు. సభలో సర్వం ఓడిన ధర్మరాజుకు ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగిచ్చి పంపాడు. అంతకన్నా నిఖార్సైన రీలోడ్ ఉందా? దారి మధ్యలోంచి పిలిస్తే వెనక్కి వచ్చి మళ్ళీ పాచికలు పట్టాడు, మళ్ళీ ఓడాడు. దాన్ని అనుద్యూతమన్నారు. రెండోమాట, అన్నయ్యకొక కట్టుబాటు ఉంది. కత్తి గురి తప్పితే రీలోడ్ చేస్తాడు. మాట జారితే చెయ్యడు. ఎదుటి పాత్ర మనసు కష్టపెట్టే జవాబు పొరపాటున నొక్కినా, అది అలాగే ఉండాలంటాడు. ఇంట్లో కూడా అంతేగా అంటాడు. వదిన ఈ చివరి వాక్యాన్ని ప్రక్షిప్తంగా భావిస్తోంది.

మూడోది చెప్పాలంటే 1985 దాకా వెళ్ళాలి. రిచర్డ్ గ్యారియట్ చేసిన అల్టిమా పరంపరలో నాలుగోది, పేరులోనే ‘అవతార్’ ఉంది. మన మాటే, సముద్రాలు దాటి అక్కడ దిగింది. ఆ ఆటలో చంపాల్సిన మహారాక్షసుడంటూ లేడు. సత్యం, దయ, శౌర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం అనే ఎనిమిది గుణాలు సాధించి అవతారపురుషుడు కావడమే ఆట. మంత్రాలకు కావలసిన మూలికలు అమ్మే ఆమెకు చూపు లేదు. ఇంత అయింది, ఎంత ఇస్తావని అడుగుతుంది. ఎంతివ్వాలో మీరే కొట్టాలి. తక్కువ కొట్టినా తీసుకుంటుంది. గంట మోగదు, ఎర్ర అక్షరాలు రావు, రాజభటులు రారు. లోపలెక్కడో సత్యం లెక్కలో నుంచి కొంత తగ్గుతుంది, అంతే. అన్నయ్య ఆ ఆటను చాలా ఆలస్యంగా, ఉద్యోగంలో చేరాక ఆడాడు. ఒకసారి కావాలనే తక్కువిచ్చి చూశాడట. “ఏమీ కాలేదే. అదే భయం వేసింది” అన్నాడు. నేను ఇరవయ్యేళ్ళుగా క్లాసులో చెబుతున్న నీతిపద్యాలేవీ అతని ముఖంలో ఆ కలవరం తెప్పించలేదని ఒప్పుకోక తప్పదు.

ఇక వేదాంతార్థం. కర్మ మూడు విధాలు, సంచితం, ప్రారబ్ధం, ఆగామి. డిస్కు మీద పేరుకున్న సేవ్‌లన్నీ సంచితం. అందులోంచి ఈ రాత్రికి లోడ్ చేసుకున్నది ప్రారబ్ధం. తెల్లవారేలోపు చెయ్యబోయేది ఆగామి. ఇది పోలిక కోసం అన్నది కాదు. మాస్ ఎఫెక్ట్ అనే అంతరిక్ష కథ 2007, 2010, 2012లలో మూడు భాగాలుగా వచ్చింది. మొదటి భాగం సేవ్‌ను రెండో భాగానికీ, దాన్ని మూడో భాగానికీ తీసుకుపోవచ్చు. మొదటి భాగంలో ఒకచోట ఇద్దరు సహచరుల్లో ఒక్కరినే కాపాడగలరు. అక్కడ పోయినవారు తరవాతి రెండు భాగాల్లోనూ లేనట్టే, వాళ్ళ చోట బతికినవారు కనిపిస్తారు. అయిదేళ్ళ కిందట చేసిన పని ఫలం ఇప్పుడు అనుభవించాలి. నడుమ అన్నయ్య హార్డ్‌డిస్కు పోయింది. పూర్వజన్మ స్మృతి లేకుండా మూడో భాగం మొదలుపెట్టడం ఇష్టం లేక, పెళ్ళైన కొత్తలో సెలవు పెట్టి, మొదటి భాగం మొదటి నుంచి ఆడి, పోగొట్టుకున్న జన్మను మళ్ళీ సంపాదించుకున్నాడు. వదిన అప్పుడే ఈ వాక్యాన్ని తొలిసారి విన్నది.

మరొక శంక: ప్లేన్‌స్కేప్ టార్మెంట్ అనే ఆటలో నాయకుడికి చావు లేదు. శవాగారంలో రాతిబల్ల మీద లేస్తాడు, పేరు గుర్తులేదు, పక్కన ఒక పుర్రె గాలిలో తేలుతూ వాగుతుంటుంది. చచ్చినా మళ్ళీ లేస్తాడు. చావు లేనివాడికి సేవ్ దేనికి?

సమాధానం: కరెంటు పోవడానికి.

ఆ ఆట గురించి నాలుగు మాటలు. 1999 డిసెంబరులో వచ్చింది, ముఖ్య రచయిత క్రిస్ అవెలోన్. అందులో ఉన్న రాత ఎనిమిది లక్షల మాటలని చెబుతారు. యుద్ధాలు మాత్రం నీరసం, ఆ సంగతి అభిమానులే ఒప్పుకుంటారు. వాటిని ఎలాగో దాటుకుని అన్నయ్య డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని ఆడాడు. ఇంగ్లీషు పరీక్షలకు ముట్టుకోని డిక్షనరీ అది. మనిషి స్వభావాన్ని మార్చగలిగేది ఏది అని అందులో ఒక మంత్రగత్తె అడుగుతుంది. జవాబుల్లో ఏది ఎంచుకున్నావని నేను చాలాసార్లు అడిగాను. చెప్పడు.

చేసి – క్త్వార్థకం. ఇందులో రెండు విశేషాలున్నాయి. క్త్వార్థకమైన ఇకారానికి సంధి లేదని చిన్నయసూరి సూత్రం. సూరిగారి ఉద్దేశం అచ్చులు కలవవని. మా ఇంట్లో అది ఇంకా విస్తృతంగా అమలైంది. ‘చేసి’కీ ‘వచ్చేస్తా’కీ నడుమ ఏ సంధీ లేక గంటన్నర ఎడం వచ్చేది.

రెండోది చిక్కైనది. ‘చేసి’ అన్నాక వచ్చే సమాపకక్రియకూ దీనికీ కర్త ఒకడే కావాలి. వండి తిన్నాడంటే వండినవాడే తిన్నాడు. ఇక్కడ వచ్చేవాడు అన్నయ్య. సేవ్ చేసినవాడు ఎవడు? డిస్కో ఎలీసియం సంగతే చూడండి. ఎస్టోనియా రచయిత రాబర్ట్ కుర్విట్జ్ బృందం 2019లో తెచ్చింది. నాయకుడు ఒక డిటెక్టివ్. తాగి తాగి ఒళ్ళు తెలియకుండా పడిపోయి లేచాడు, తానెవరో తెలియదు, టై సీలింగ్ ఫ్యాను రెక్కకు వేలాడుతూ తిరుగుతోంది. ఒంట్లో సత్తువ తక్కువగా ఉన్న పాత్రను ఎంచుకుంటే ఆ టై అందుకోబోయి గుండె ఆగి చచ్చిపోవచ్చు, హత్య దర్యాప్తు మొదలు కాకముందే. ఇందులో కత్తియుద్ధాలు లేవు, పది లక్షల పైచిలుకు మాటలున్నాయి. అతని తలలో 24 గుణాలు కూర్చుని, తర్కం ఒకటి చెబితే కల్పన ఒకటి చెబుతూ, ఎడతెగకుండా పోట్లాడుకుంటాయి. సాంఖ్యులు లెక్కగట్టిన తత్త్వాలూ 24. ఇరవై అయిదోవాడు పురుషుడు, ఏమీ చెయ్యడు, ఊరికే చూస్తుంటాడు. ఆ పురుషుడు తెరకు ఇవతల కుర్చీలో ఉన్నాడని నా సిద్ధాంతం. తెర లోపలివాడూ ఇవతలివాడూ ఒకడే అన్న అభేదభావన ఉంటేనే ‘చేసి’ అన్న ప్రయోగం సాధువవుతుంది. రోల్ ప్లేయింగ్ అన్న మాటకు ఇంతకన్నా మంచి తెలుగు నిర్వచనం వ్యాకరణంలోనే దొరకడం నాకు సంతోషంగా ఉంది.

వచ్చేస్తా – తెలుగులో ఈ తాకారాంత రూపం భవిష్యత్తుకీ చెల్లుతుంది, తద్ధర్మానికీ చెల్లుతుంది. ‘రేపు వస్తా’ అంటే మాట ఇవ్వడం. ‘రోజూ వస్తా’ అంటే స్వభావం చెప్పడం. అమ్మ దీన్ని భవిష్యదర్థంలో వినేది, అందుకే కోపం వచ్చేది. అన్నయ్య తద్ధర్మార్థంలో అనేవాడు. రావడం తన స్వభావమని, ఎప్పుడన్నది చర్చలో లేదని. వదిన తెలివైనది. కుక్కర్ పొయ్యి మీద పెట్టగానే “ఏమండీ, వడ్డించేశాను” అంటుంది. వాక్యానికి కుక్కర్ కూతలతో సరిగ్గా తాళం కుదురుతోంది.

అయితే వచ్చేవాడు. ఇది వాక్యంలో అందరూ పట్టించుకోకుండా వదిలేసే భాగం. వచ్చి, కంచం ముందు కూర్చుని, కథ చెప్పేవాడు. నాన్న వార్తల శబ్దం తగ్గించేవారు. బాల్డర్స్ గేట్ కథ మాకు అలా పప్పులో నెయ్యి కలుపుకుంటూ తెలిసింది. పెంపుడు తండ్రి దగ్గర ఒక గ్రంథాలయంలో పెరిగిన పిల్లవాడు, కోటలాంటి ఆ గ్రంథాలయంలోకి బయటివాళ్ళు రావాలంటే ఒక అరుదైన పుస్తకం కానుకగా తేవాలి. మొదటి రాత్రే తండ్రిని చంపేశారు. దారిలో ఖలీద్, జహీరా అని మొగుడూ పెళ్ళాం తోడయ్యారు. అతనికి నత్తి, ఆమెకి నోరు. అతణ్ణి పంపేస్తే ఆమె ఉండదు, ఆమెను పంపేస్తే అతనుండడు. మిన్స్క్ అనే బుర్ర తిరిగిన వీరుడు ఒక చిట్టెలుకను వెంటేసుకుని తిరుగుతాడు. అది అంతరిక్షంలోని మహాకాయ మూషికజాతిదనీ, పాపం మరుగుజ్జుగా పుట్టిందనీ అతని నమ్మకం. అమ్మకు ఆ ఎలుక మహా ఇష్టం. “దానికేం పెడుతున్నాడురా?” అని అడిగేది.

ఫాల్అవుట్ అనే ఆట అయిపోయిన రోజు మాత్రం ఏమీ చెప్పలేదు. అణుయుద్ధం తరవాత నేలమాళిగలో బతుకుతున్న ఒక గుంపు, నీటి యంత్రంలో చిప్ పాడైతే 150 రోజుల్లో కొత్తది తెమ్మని ఒకణ్ణి బయటికి పంపుతుంది. అతను తెస్తాడు, ఇంకా పెద్ద ఆపద కూడా తప్పిస్తాడు. తిరిగొస్తే, నువ్వు మారిపోయావు, నిన్ను చూసి పిల్లలు బయటికి పోతామంటారు, లోపలికి రావద్దని గుమ్మంలోనే చెప్పి పంపేస్తారు. అన్నయ్య ఆ పూట ఒక్క పిలుపుకే వచ్చి కూర్చున్నాడు. అమ్మ జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

రెండో బాల్డర్స్ గేట్ 2000 సెప్టెంబరులో వచ్చింది. అందులో మొదట్లోనే ఖలీద్ శవం కనిపిస్తుంది. అన్నయ్య ఆ మాట చెప్పినప్పుడు అమ్మ చారుగరిట పట్టుకుని నిలబడి ఉంది. “పాపం, ఆ పిల్ల నోరు మంచిది కాదు గానీ మనసు మంచిదిరా. ఎలా ఉంటుందో ఏమో” అంది.

తాత్పర్యం

ఓ అమ్మా, నేను వేరే లోకంలో ఒక పనిలో ఉన్నాను. ఆ పని మధ్యలో వదిలితే నన్ను నమ్ముకున్నవాళ్ళు చెడిపోతారు. వాళ్ళను ఉన్నది ఉన్నట్టు పదిలం చేసి, నీ దగ్గరికి వచ్చి, జరిగినదంతా చెబుతాను. అంతదాకా చారు చల్లారనీ, అని భావం. మూడు వందల గంటలు ప్రబంధం చదివినవాణ్ణి రసజ్ఞుడంటాం, ఇతణ్ణి మాత్రం పనిలేనివాడన్నాం. ఈ అన్యాయంలో వ్యాఖ్యాతకూ వాటా ఉంది.

పాఠాంతరం

‘సేవ్ చేసుకుని’ అని కొన్ని ప్రతుల్లో ఉంది, అర్థభేదం లేదు. హాస్టల్ రోజుల్లో ‘రెండు నిమిషాలు రా’ అన్న పాఠం ప్రచారంలో ఉండేదట, అది మెస్సువాళ్ళు కల్పించింది. పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవలసిన పాఠం ఒకటి 2023లో దొరికింది.

ఆ ఆగస్టు 3న బాల్డర్స్ గేట్ 3 వచ్చింది. ఈసారి చేసింది బెల్జియంలోని గెంట్ నగరం వాళ్ళు, లారియన్ స్టూడియోస్. రెండో ఆటకూ దీనికీ నడుమ ఆ లోకంలో నూరేళ్ళ పైమాటే. నిజ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి నేను హైదరాబాదు వెళ్ళాను. అమ్మ ఇప్పుడు అన్నయ్య దగ్గరే ఉంటోంది. రాత్రి తొమ్మిదవుతోంది. వాయనాల శనగలు తాలింపు వేస్తానని అమ్మ వంటింట్లో ఉంది. గదిలోంచి అన్నయ్య కేక వినపడింది.

“అమ్మా, ఒకసారి ఇలా రా. జహీరా వచ్చింది.”

పాతికేళ్ళలో ఆ గదిలోంచి వంటింటికి పిలుపు రావడం అదే మొదలు. అలవాటు కొద్దీ దూత పనికి నేనే లేచాను. వెళ్ళి చెబితే, అమ్మ తల తిప్పకుండా, గరిట ఆపకుండా అంది.

“ఒక్క నిమిషం, స్టవ్ కట్టేసి వచ్చేస్తా.”

ఆ నిమిషం పావుగంట పట్టింది. అన్నయ్య ఆట ఆపి, పక్కకు ఇంకో కుర్చీ లాగి, ఎదురుచూస్తూ కూర్చున్నాడు. తెర మీద ఒక పెద్దామె, ముఖాన వయసు గీతలతో, కదలకుండా నిలబడి ఉంది. అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చూసింది.

“ఒక్కతే ఉందేమిట్రా ఇంకా?” అంది. కాసేపాగి, “ఎలుకేది?” అంది.

“మూడో అంకంలో వస్తుందమ్మా.”

తాళపత్రాల్లో అక్షరం మారడం సాధారణమే. కాని పైన చెప్పిన చోట ‘స్టవ్’ అనేది లేఖకదోషం కాదు. వ్యాఖ్యాత స్వయంగా విన్నది. అలాగే చదువుకోవాలి.